నాలుగో మినార్

పదకొండు చేసినం.
లెక్క నాకు గట్టిగ యాదుంది, ఎందుకంటే
పదకొండోదాన్ని డీసీఎం మీదికెళ్లి దించేటప్పుడే
నా ఎడమకాలి బొటనవేలు గోరు పోయింది.

దేవరకొండ హైస్కూలు స్కౌట్లం మేం.
మెడల ఆకుపచ్చ స్కార్ఫు, జేబుల ఈల.
తోటలల్ల రాలిన బత్తాయిలు ఏరుకొచ్చి
బస్టాండుల కుప్ప రెండ్రూపాయలకు అమ్మినం.
పాత పేపర్లు అమ్మినం, సీసాలు అమ్మినం,
ఆఖరుకు జహంగీర్ సారు సైకిలు గూడ.
"పట్నం చూడనోళ్ల దగ్గరికి
పట్నమే పోవాలె" అన్నడు సారు
సైకిలు లేని కాళ్లతోని నడుసుకుంట.

బాయి ఓరలు పోసే కుర్మయ్య
క్యాలెండరు మీది చార్మినార్ను
తలకిందులుగ పట్టుకొని చానసేపు చూసిండు.
"దీంట్ల నీళ్లు నిలవాల్నా?" అనడిగిండు.
అక్కర్లేదన్నం.
"గట్లయితే అలక" అని
ఛాతీ ఎత్తున అచ్చు కట్టిండు.

అచ్చుల నాలుగో మినారు
రెండేళ్ల మందం బయటికి ఒరిగింది.
పదకొండుసార్లూ అదే వంకర, అదే పక్కకు.
"దూరంకెల్లి చూస్తే తెల్వదు తియ్" అన్నడు కుర్మయ్య.
దూరంకెల్లి చూసేటోళ్లు
ఎవరున్నరు మా ఊళ్లల్ల?

ఇగ పలక చెక్కెటాయన
"బహూకరణ" అని రాయమంటే
"బహుకరుణ" అని చెక్కిండు.
సారు నవ్వి, ఉండనియ్ అన్నడు.

ఇప్పుడు నేను కరెంటు మీటర్లు సదువుకుంట
ఊరూరు తిరుగుత.
వెతకకున్నా అవే ఎదురొస్తయి.
రేషను దుకాణం ముందటిదానికి
ఒక మినారు నుంచి ఇంకో మినారుకు తాడు గట్టి
పిల్లల లాగులు ఆరేస్తరు.
రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఒకటి పోయింది,
పలక మాత్రం బోరింగు కాడ
బట్టలుతికే బండకు ఎత్తుగ పెట్టిండ్రు.
సబ్బు నురుగుల బహుకరుణ.
దిండి దిక్కు తండాల
కేళోతు సోమ్లి ఏటా దానికి సున్నమేస్తది.
ఎందుకమ్మా అంటే,
"మా ఇంటికి గురుతు గదే గద బిడ్డా,
ఉత్తరం గాడిదాకనే వస్తది.
ఆడికెల్లి నేనే తెచ్చుకుంట."
మూడింటి జాడ దొరకలే.
ఒకటి కోళ్లగూడు.
మిగిలినవాటి గురించి చెప్పేందుకు పెద్దగ ఏం లేదు,
అవి నిలబడి ఉన్నయి.

మర్రిగూడ అవతల ఒక ఊళ్ల
ముత్తిలింగం అని, నా ఈడోడే,
మోకాళ్లు రెండూ లోపటికి మడత పడ్డయి,
పండ్ల మీద గోధుమరంగు గీతలు.
పొద్దున్నే అరుగు దిగి
ఆ వంకర మినారు పట్టుకొనే లేస్తడు.
పట్టుకున్నకాడ సిమెంటు
గుండ్రాయి లెక్క నున్నగైంది.
నేను మీటరు దిక్కు తల ఎత్తంగనే అడిగిండు:
"ఏమన్నా, దీనికి గూడ
మా బోరు నీళ్లే తాపిండ్రా?"

అని నవ్విండు.
నేనూ నవ్విన.
కుర్మయ్య అచ్చు సంగతి చెప్పుదామనుకున్న,
చెప్పలే.
ముప్పై ఏడు యూనిట్లు అని రాసుకున్న.

పోయిన ఏడు బిడ్డ కండ్లు చూపియ్యనీకి
పట్నం తోల్కపోయిన.
ఆస్పత్రిల పనైనంక
చార్మినార్ కాడ దిగినం.
నలభై తొమ్మిదేళ్లొచ్చి మొదటిసారి.
ఆటోలు, పావురాలు,
గాజుల దుకాణాల మెరుపు,
పైన అంత ఎత్తున అది.
మెడ నొచ్చేదాక చూసిన.
చుట్టూ తిరిగిన ఒకసారి.
మళ్లొకసారి.

"నాయినా, ఏం దేవులాడుతున్నవ్?"
అన్నది బిడ్డ,
మందు పోసిన కండ్లు చిట్లించి.

నాలుగూ నిటారుగనే ఉన్నయి.
అండ్ల నాలుగోది ఏదో
నాకు తెల్వలే.